వద్దనుకున్న టైమ్‌షేర్‌ను వదిలించుకోవడం ఎలా: విజయవాడ, గుంటూరు కుటుంబాల కోసం సమగ్ర మార్గదర్శి

2014 వేసవిలో ఒక ఆదివారం విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక హోటల్ హాల్లో మా వారూ నేనూ మూడు గంటలు కూర్చున్నాం. అంతకు వారం ముందు ఎక్కడో నింపిన లక్కీ డ్రా కూపన్‌కి బహుమతి వచ్చిందనీ, దంపతులిద్దరూ వచ్చి తీసుకోవాలనీ ఫోన్ చేశారు. బహుమతి చేతికొచ్చేసరికి ఏడాదికి ఏడు రోజుల చొప్పున 25 ఏళ్ల పాటు రిసార్టుల్లో సెలవులు గడిపే టైమ్‌షేర్ మెంబర్‌షిప్‌కి సంతకాలు పెట్టేశాం. ఆ రోజు సేల్స్ కుర్రాడు అన్న మాట నాకు బాగా గుర్తుంది: "ఖర్చు అనుకోకండి మేడమ్, ఆస్తి అనుకోండి. రేపు మీ అమ్మాయికి రాసివ్వొచ్చు."

గుంటూరులో పుట్టి పెరిగినదాన్ని. ఆస్తి అంటే నాకు తెలిసింది పొలం, ఇంటి స్థలం. ఉంచుకుంటే ధర పెరుగుతుంది, అవసరానికి అమ్ముకోవచ్చు. అదే లెక్కన ఈ మెంబర్‌షిప్‌ని కూడా ఏళ్ల తరబడి దాచుకున్నాం. 2023లో దాన్ని వేరేవాళ్ల పేరుకు మార్చినప్పుడు, మొదట కట్టిన డబ్బులో ఐదో వంతు కూడా తిరిగి రాలేదు. ఆ పని నాలుగేళ్లు ముందే చేసి ఉంటే నాలుగేళ్ల వార్షిక ఫీజు మిగిలేది. ఇవన్నీ ఒకరు ముందే వివరంగా చెప్పి ఉంటే బాగుండేదని అప్పట్లో చాలాసార్లు అనుకున్నాను. అందుకే నాకు తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు మీ చేతిలో ఉన్నది ఏమిటో చూసుకోండి

మన దేశంలో ఎక్కువ మంది కొనేది రిసార్టులో గది కాదు. ఆ గదిని ఏడాదికి కొన్ని రోజులు వాడుకునే హక్కు. స్టెర్లింగ్ 1986లో, క్లబ్ మహీంద్రా 1996లో మొదలయ్యాయి. మన ఊళ్లలో టైమ్‌షేర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి ఆ రెండే. చిన్న క్లబ్బులు ఇంకా చాలా ఉన్నాయి. ఏదైనా సరే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మీ పేరున రిజిస్టరు కాకపోతే అది స్థిరాస్తి కాదు. ఈసీ తీస్తే రాదు. గడువు తీరిన రోజున హక్కు కూడా ముగుస్తుంది. ఏటా ఒక సంవత్సరం తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి, ఉంచుకున్నకొద్దీ విలువ తగ్గుతుందే తప్ప పెరగదు.

బీరువాలోంచి ఒప్పందం కాగితాలు తీసి, ఒక తెల్ల కాగితం మీద ఈ వివరాలు రాసుకోండి. ఎన్నేళ్లు మిగిలాయి? ఏ సీజన్, ఎంత పెద్ద గది? వార్షిక ఫీజు ఈ ఏడాది ఎంత, బకాయి ఉందా? ఈఎంఐ ఇంకా నడుస్తోందా? నడుస్తుంటే అది ఎవరికి, కంపెనీకా, బ్యాంకుకా, ఫైనాన్స్ సంస్థకా? పేరు మార్పిడి గురించి ఏ క్లాజులో ఏం రాశారు, దానికి రుసుము ఎంత? రద్దు చేస్తే ఎంత కోసుకుంటారు? జాయింట్ మెంబరు ఎవరు, నామినీ ఎవరు?

కాగితాలు దొరక్కపోతే కంగారు వద్దు. మీ రిజిస్టర్డ్ ఈమెయిల్ నుంచి కంపెనీకి రాసి ఒప్పందం కాపీ, అకౌంట్ స్టేట్‌మెంట్ అడగండి. ఫోన్‌లో అడగొద్దు. ఇక్కడి నుంచి మీరు అడిగే ప్రతిదీ, వాళ్లిచ్చే ప్రతి జవాబూ రాతలోనే ఉండాలి.

సంతకం పెట్టి ఇంకా పది రోజులు కాలేదా?

అయితే మిగతాదంతా తర్వాత చదవండి, ముందు ఈ పని చేయండి. టైమ్‌షేర్‌కని మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. కానీ పేరున్న కంపెనీల ఒప్పందాల్లో సాధారణంగా 10 రోజుల రద్దు గడువు ఉంటుంది. అది ఏ రోజు నుంచి లెక్కో మీ ఒప్పందంలో చూడండి. "నా మెంబర్‌షిప్ రద్దు చేస్తున్నాను, కట్టిన మొత్తం తిరిగి ఇవ్వండి" అని రెండు వాక్యాల ఈమెయిల్ ఈ రోజే పంపండి. అదే ఉత్తరం కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో, అందినట్టు రసీదు వచ్చేలా పంపండి. (పాత రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది.)

వెంటనే ఒక మేనేజర్ ఫోన్ చేస్తాడు. ఇంకో వారం ఆగితే మంచి ఆఫర్ ఇస్తానంటాడు. ఆ వారంలో గడువు దాటిపోతుంది. "ఈమెయిల్లోనే జవాబివ్వండి" అని చెప్పి ఫోన్ పెట్టేయండి.

దాని నేటి విలువ ఎంత?

ఎక్కువ మంది ఇక్కడే చిక్కుకుంటారు. మూడున్నర లక్షలు పోశాం, రెండు లక్షలైనా రాదా అనుకుంటూ ఏళ్లు గడిపేస్తారు. మేమూ అంతే. కొనేవాడికి మీరెంత పోశారన్నది అనవసరం. హోటల్ గది తీసుకోవడం కంటే దీనివల్ల తనకు ఎంత మిగులుతుందన్నదే అతను చూస్తాడు.

ఒక ఉదాహరణ చెప్తాను. అంకెలు మీవి వేసుకోండి. వార్షిక ఫీజు 20,000. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 23,600. అదే స్థాయి గది ఊటీలోనో అరకులోనో పన్నులతో కలిపి రాత్రికి 4,000కు దొరుకుతుందనుకుందాం. ఏడు రాత్రులకు 28,000. అంటే ఏడాదికి మిగిలేది 4,400. ఇంకా 14 ఏళ్ల గడువుంటే మొత్తం 61,600. ఏడు రాత్రులూ ప్రతి ఏటా వాడుకుని, ఫీజు ఒక్క రూపాయి కూడా పెరగకుండా ఉంటేనే ఆ మాత్రం. నాలుగు రాత్రులే వాడారా, 16,000 విలువ చేసే గదికి 23,600 కట్టినట్టు. కాబట్టి ఈ ఉదాహరణలో ఎవరైనా 30 వేలో 40 వేలో ఇస్తే అది మంచి ధరే. లెక్క మైనస్‌లోకి వెళ్తే మీ మెంబర్‌షిప్‌కి అమ్మకపు ధర లేదు. ఊరికే ఇచ్చినా, మార్పిడి రుసుము మీరే పెట్టుకుని ఇచ్చినా మీకే లాభం.

ఈ లెక్క నేను మొదటిసారి వేసిన రాత్రి నిద్ర పట్టలేదు. కానీ అది వేశాకే ఒక నిర్ణయానికి రాగలిగాం.

కంపెనీకే తిరిగి ఇవ్వడం

మొదట అడగాల్సింది కంపెనీనే. "ఈ రోజు రద్దు చేసుకుంటే నాకు ఎంత వస్తుంది, ఏ క్లాజు ప్రకారం ఎంత కోస్తారు?" అని ఈమెయిల్లో అడగండి. చాలా ఒప్పందాల్లో కట్టిన డబ్బును రెండుగా విడదీసి ఉంటారు. ఒకటి తిరిగి ఇవ్వని ప్రవేశ రుసుము, రెండోది గడచిన ఏళ్ల లెక్కన తగ్గుతూ పోయే మొత్తం. కొన్నేళ్లు దాటితే రెండోది చాలా చిన్నదవుతుంది. అయినా, వార్షిక ఫీజు బాధ్యత ఇంతటితో సరి అని రాసిస్తే దానికీ విలువ ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. రద్దు అడిగినవాళ్లను ఒక్కోసారి "మాట్లాడుకుందాం రండి" అని ఆఫీసుకు పిలుస్తారు. అక్కడ పాతదాన్ని ఇంకా పెద్దదానికి మార్చుకోమని చూపిస్తారు. మా ఆడపడుచు వాళ్లు అలా రద్దు కోసమని వెళ్లి, మరో లక్షన్నరకు సంతకం పెట్టి వచ్చారు. వెళ్లాల్సే వస్తే చెక్కుబుక్కు, కార్డులు ఇంట్లో పెట్టి వెళ్లండి.

ఇంట్లోవాళ్ల పేరుకు మార్చడం

పిల్లలు, తోబుట్టువుల్లో నిజంగా తిరిగే అలవాటున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఇది అన్నిటికంటే సులువు. దగ్గరి రక్తసంబంధీకులకు మార్పిడి రుసుము తక్కువగానో, అసలు లేకుండానో పెట్టే కంపెనీలున్నాయి. వాళ్లకు పై లెక్క చూపించి, ఫీజు సంగతి చెప్పి, ఇష్టమైతేనే ఇవ్వండి. బరువును పిల్లల నెత్తికి ఎత్తినట్టు కాకూడదు. మెంబరు చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం, నామినీ గుర్తింపు కాగితాలు అడుగుతారు. నామినీ లేకపోతే తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అవసరపడొచ్చు. దానికి సచివాలయంలో దరఖాస్తు పెట్టుకోవాలి.

బయటివాళ్లకు అమ్మడం

మేం బయటపడింది ఈ దారిలోనే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

కొనేవాళ్లు ఎవరో ముందు ఆలోచించండి. సీజన్‌ను బట్టి కొనేవాళ్లు మారతారు. క్లబ్ మహీంద్రాలో పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అని సీజన్లు ఉంటాయి. పర్పుల్ అంటే రద్దీ రోజులు. మన పిల్లలకు సెలవులు వేసవిలోనే. దసరా, సంక్రాంతికి మరికొన్ని రోజులు దొరుకుతాయి. కాబట్టి బడికెళ్లే పిల్లలున్న ఇంటికి తక్కువ సీజన్ మెంబర్‌షిప్ పనికిరాదు. మాది కూడా తక్కువ సీజన్‌దే. పిల్లల పరీక్షల మధ్య ఎప్పుడూ వాడుకోలేకపోయాం. కానీ రిటైరైన దంపతులకు రద్దీ లేని రోజులే కావాలి. మా మెంబర్‌షిప్ చివరికి తీసుకున్నది అలాంటి రిటైర్డ్ దంపతులే, మొగల్రాజపురంలో ఉంటారు. తెలిసినవాళ్ల ద్వారానే కుదిరింది.

కాబట్టి ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ గ్రూపుల కంటే ముందు తెలిసినవాళ్లతో మొదలుపెట్టండి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు, ఆఫీసు గ్రూపు, ఉదయం నడకకు వచ్చేవాళ్లు, రిటైర్డ్ ఉద్యోగుల సంఘం. అన్నిటికంటే మంచి అవకాశం, అదే క్లబ్బులో ఇప్పటికే సభ్యులై, దాన్ని ఇష్టంగా వాడుకుంటూ, ఇంకొన్ని రోజులు కావాలనుకునేవాళ్లు. వాళ్లకు మీరు ఏమీ వివరించనక్కర్లేదు.

ప్రకటనలో దాపరికం వద్దు. మిగిలిన ఏళ్లు, సీజన్, గది సైజు, ఈ ఏడాది ఫీజు, జమ అయి ఉన్న రోజులు, మార్పిడి రుసుము, మీరు అడిగే ధర, ఇవన్నీ మొదటి మెసేజ్‌లోనే పెట్టండి. మెంబర్‌షిప్ నంబరు, ఆధార్, పాన్ మాత్రం ఎక్కడా పెట్టొద్దు. మనల్ని అబద్ధాలు చెప్పి దింపారు కదా అని మనం ఇంకొకరిని దింపితే రేపు కనిపించినప్పుడు తలెత్తుకోలేం. ఫీజు ఏటా పెరుగుతుందనీ, సెలవు రోజుల్లో గదులు నెలల ముందే నిండిపోతాయనీ నేను స్పష్టంగా చెప్పాను. ఒకరు వెనక్కి తగ్గారు. రెండోవాళ్లు అన్నీ విని తీసుకున్నారు.

మనిషి దొరికాక పనులు ఈ వరుసలో జరగాలి. మొదట కంపెనీ నుంచి బకాయిలు లేవని స్టేట్‌మెంట్ తీసుకోండి. ఈఎంఐ మిగిలి ఉంటే మార్పిడికి ఒప్పుకోకపోవచ్చు, ముందు దాన్ని తీర్చి నో డ్యూస్ (బకాయి లేదన్న పత్రం) తీసుకోవాలి. తర్వాత కంపెనీ మార్పిడి దరఖాస్తు తెప్పించుకోండి. ఎవరో బ్రోకరు పంపిన ఫారం వద్దు. దానిమీద మీరు, జాయింట్ మెంబరు, కొనేవాళ్లు సంతకాలు పెట్టి గుర్తింపు కాగితాలు జత చేయాలి. మీ ఇద్దరి మధ్య విడిగా వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఒక ఒప్పందం రాసుకుని నోటరీ చేయించండి. ధర ఎంత, మార్పిడి రుసుము ఎవరిది, ఈ ఏడాది ఫీజు ఎవరిది, కంపెనీ ఒప్పుకోకపోతే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి అన్నవి అందులో ఉండాలి. పది శాతమో ఇరవై శాతమో అడ్వాన్సు బ్యాంకు ద్వారా తీసుకోండి. పేరు మారినట్టు కంపెనీ ఈమెయిల్ వచ్చిన రోజున మిగతాది తీసుకోండి. రుసుమును నేరుగా కంపెనీ ఖాతాకే కట్టండి.

కొన్ని కంపెనీలు మార్పిడి తర్వాత కొన్ని సౌకర్యాలు కొత్త సభ్యులకు ఇవ్వవు. అలాంటివి ఏమున్నాయో కొనేవాళ్ల ముందే ఈమెయిల్లో అడిగి జవాబు తెప్పించండి.

అమ్ముడయ్యేలోగా రోజులు వృథా కాకుండా

చాలా క్లబ్బుల్లో ఆ ఏడాది రోజులను మీ బదులు బంధువులకో స్నేహితులకో ఇవ్వొచ్చు. గెస్టు రుసుము ఉందేమో చూసుకోండి. డబ్బు తీసుకుని అద్దెకు ఇవ్వడాన్ని మాత్రం చాలా ఒప్పందాలు ఒప్పుకోవు, బుకింగ్ రద్దయ్యే ప్రమాదం ఉంది. ఆర్‌సీఐ లాంటి, సభ్యులు తమ వారాలను ఇచ్చిపుచ్చుకునే సంస్థలో సభ్యత్వం కలిపి ఇచ్చి ఉంటే, మీ వారాన్ని అక్కడ జమ చేసి వేరే దేశంలో గది తీసుకోవచ్చు. దానికి మళ్లీ రుసుము ఉంటుంది.

కట్టడం ఆపేస్తే ఏమవుతుంది?

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ఇక్కడ రెండు వేరు వేరు చెల్లింపులున్నాయి.

వార్షిక ఫీజు రుణం కాదు. కట్టకపోతే బుకింగ్ ఆపేస్తారు, వడ్డీ వేస్తారు, చివరకు మెంబర్‌షిప్ రద్దు చేయొచ్చు. నేరుగా సిబిల్ స్కోరు మీదికి రాదు. కానీ బకాయి పెరిగినకొద్దీ అమ్మడం కష్టమవుతుంది, ఫోన్ల టెన్షన్ మొదలవుతుంది. వదిలేయాలనుకుంటే ఊరికే మౌనంగా ఉండొద్దు, రద్దు కోరుతూ రాతపూర్వకంగా పంపి ఆ కాపీ దాచుకోండి.

బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ ఇచ్చిన ఈఎంఐ సంగతి వేరు. క్లబ్బు మోసం చేసిందని బ్యాంకు వాయిదా ఆపితే స్కోరు దెబ్బతింటుంది. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138, ఆటోమేటిక్ డెబిట్ తిరిగొస్తే 2007 నాటి చెల్లింపుల చట్టం సెక్షన్ 25 కింద కేసు పెట్టే వీలుంది. రెండిటికీ రెండేళ్ల వరకు జైలు ఉంది. కాబట్టి ఈఎంఐ నడుస్తుండగా ఏం చేయాలన్నా ముందు లాయరుతో మాట్లాడండి.

"మీది కొనడానికి పార్టీ రెడీగా ఉంది"

అమ్మకానికి పెట్టిన కొద్ది రోజులకే ఇలాంటి ఫోన్ వస్తుంది. మీ పేరు, క్లబ్బు పేరు, ఒక్కోసారి మెంబర్‌షిప్ నంబరు కూడా చెప్తారు. నాలుగు లక్షలకు కంపెనీ కొంటోందంటారు. జీఎస్టీకనో, ఎన్ఓసీకనో, ఫైల్ ఛార్జీలకనో ముందు ఒక 18 వేలు కట్టమంటారు, అది తిరిగి వచ్చేస్తుందంటారు. కడితే ఇంకొకటి చెప్తారు. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ టీచరు గారు ఇలా మూడు సార్లు కట్టారు. ఆయన తెలివితక్కువవారు కాదు. పోయిన డబ్బు వస్తుందన్న ఆశ అలా చేయించింది.

పైన వేసిన లెక్క ఇక్కడ మిమ్మల్ని కాపాడుతుంది. 40 వేలు విలువ చేసే దానికి ఎవరైనా నాలుగు లక్షలు ఇస్తానంటే అబద్ధమని మీకే తెలుస్తుంది. అమ్మేవాడు కొనేవాడికి ముందుగా డబ్బు కట్టే అమ్మకం ఎక్కడా ఉండదు. డబ్బు మీ ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ కొట్టనక్కర్లేదు, ఓటీపీ చెప్పనక్కర్లేదు. పొరపాటున డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ ఖాతాలో డబ్బు ఆపించే అవకాశం అంత ఎక్కువ. "కొత్త క్లబ్బులో చేరండి, పాతది మేం అమ్మిపెడతాం" అనేవాళ్ల దగ్గరికి కూడా వెళ్లొద్దు.

మోసపోయామనుకుంటే ఎక్కడికి వెళ్లాలి

సేల్స్ వాళ్లు చెప్పిందొకటి, ఒప్పందంలో ఉన్నదొకటి అయితే, అడిగిన రోజుల్లో గదులు ఎప్పుడూ ఇవ్వకపోతే, రద్దు గడువులో రాసినా డబ్బు ఇవ్వకపోతే మీకు వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఉంది. ఆధారాలు ముందు పోగు చేసుకోండి. గది లేదని వచ్చిన ప్రతి మెసేజ్ స్క్రీన్‌షాట్, బ్రోచరు, సేల్స్ వాళ్లు చేత్తో రాసిచ్చిన కాగితం, చెల్లింపు రసీదులు. మాకు ఆ రోజు ఒక తెల్లకాగితం మీద లెక్కలు వేసి చూపించారు. నేను దాన్ని పారేశాను, మీరు పారేయకండి.

ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి కొన్ని రోజుల గడువివ్వండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. చాలా ఫిర్యాదులకు ఇక్కడే కదలిక వస్తుంది. రాకపోతే లాయరు నోటీసు, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు కట్టిన మొత్తం 50 లక్షల లోపైతే అక్కడే కేసు వేయాలి. 5 లక్షల లోపైతే కోర్టు ఫీజే లేదు. కంపెనీ ముంబైలో ఉన్నా మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు. విజయవాడలోనూ గుంటూరులోనూ కమిషన్లు ఉన్నాయి, ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్లో కూడా దాఖలు చేయొచ్చు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ క్లాజు (గొడవను కోర్టు బయట మధ్యవర్తే తేల్చాలన్న షరతు) ఉందని భయపడకండి. అది ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.

గడువు మాత్రం మరిచిపోవద్దు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలి. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు గానీ దానిమీద ఆధారపడకూడదు. లాయరు ఫీజు పెట్టుకోలేనివాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, దాని హెల్ప్‌లైన్ 15100. ఆఫీసే ఎత్తేసి క్లబ్బు మాయమైతే అది పోలీసు ఫిర్యాదు. ఇప్పుడు మోసం కేసులు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద వస్తాయి.

అమెరికాలో కొన్నవాళ్లకు

మన వాళ్ల పిల్లలు ఓర్లాండో, లాస్‌వేగస్ వెళ్లి అక్కడ కొనేసినవి కూడా ఉంటాయి. అక్కడి లెక్క వేరు. చాలావాటికి దస్తావేజు ఉంటుంది, గడువు ఉండదు, వారసులకూ వెళ్తుంది. రద్దు గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: ఫ్లోరిడాలో 10 రోజులు, కాలిఫోర్నియాలో 7, నెవాడాలో 5. గడువు దాటితే మొదట రిసార్టు కంపెనీనే తిరిగి తీసుకుంటారేమో అడగాలి. వారసులు వద్దనుకుంటే వారసత్వాన్ని రాతపూర్వకంగా తిరస్కరించే వీలుంది, దానికి అక్కడి లాయరు సాయం తీసుకోవాలి. ఇంటర్నెట్‌లో కనిపించే సలహాల్లో ఎక్కువ భాగం అక్కడివే. వాటిని మన క్లబ్బు మెంబర్‌షిప్‌కి వాడబోతే పని జరగదు.

పేరు మారిన తర్వాత

కంపెనీ నుంచి పేరు మార్పు ఈమెయిల్ రాగానే బ్యాంకుకు వెళ్లి వార్షిక ఫీజు ఆటోమేటిక్ డెబిట్ మ్యాండేట్‌ను రద్దు చేయించండి. క్లబ్బు యాప్‌లో దాచిన కార్డు వివరాలు తీసేయండి. నోటరీ ఒప్పందం, నో డ్యూస్, ఆ ఈమెయిల్ ప్రింటు ఒక్కచోట పెట్టండి. మేం మ్యాండేట్ సంగతి మరిచిపోయాం. పేరు మారిన రెండు నెలలకు మా వారి ఖాతాలోంచి ఆ ఏడాది ఫీజు పోయింది. ఈమెయిల్ ప్రింటు జత చేసి రాస్తే మూడు వారాలకు వెనక్కి వచ్చింది. ఆ ప్రింటు ఇప్పటికీ మా ఇంటిపన్ను రసీదుల ఫైల్లోనే ఉంది.